బొమ్మలు వేయడం పుట్టుకతోనే రావాలా?

  

చిత్రకళ గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు అడిగారు. మేము చిత్రకారులం కాదు. టీచర్ ట్రైనింగ్ చేసి, కొన్నేళ్లు పాఠాలు చెప్పి, తర్వాత గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్‌గా వచ్చినవాళ్లం. బియ్యం లెక్క, గుడ్ల లెక్క, జ్వరం వచ్చిన పిల్లల లెక్క మా పని. అయినా ఒప్పుకున్నామంటే దానికి కారణం ఒక జాబితా. ఆ జాబితా మేము రాసిందే.

నాలుగేళ్ల క్రితం ఈ మాదాపూర్ వైపు నుండే ఒక సంస్థ మాకు ఉత్తరం రాసింది. ఆదివారాలు బొమ్మలు వేయడం ఉచితంగా నేర్పుతాం, టాలెంట్ ఉన్న పది మంది పిల్లలను పంపండి అని. మంచి మాటే కదా అని సంతోషించాం. స్టడీ అవర్‌లో అందరికీ తలొక తెల్ల కాగితం ఇచ్చి, అరగంటలో ఏదైనా వేయమన్నాం. నీటుగా వేసిన పది మందిని ఎంచాం. ఆరో తరగతి పాప ఒకతె బకెట్ బొమ్మ వేసింది. మూతి గుండ్రంగా పున్నమి చంద్రుడిలా ఉంది, అడుగు మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. నీళ్లన్నీ ఒలికిపోతాయేమో అన్నట్టుంది. మేము నవ్వి, "నీకు బొమ్మలు రావులే అమ్మా, నువ్వు పాటలు పాడుతావు కదా" అన్నాం. ఆ పాప కూడా నవ్వింది. అక్కడితో అయిపోయిందనుకున్నాం.

ఈ ఏడు ఆ పాప పదో తరగతి. సైన్సులో పువ్వు భాగాలు, గుండె, కన్ను, అన్ని బొమ్మలూ పక్క అమ్మాయితో వేయించుకుంటోందని తెలిసి పిలిచి మందలించాం. పరీక్షలో ఎవరు వేస్తారు అన్నాం. తలొంచుకుని ఒకే మాట చెప్పింది: "నాకు రాదని మీరే అన్నరు కదా మేడం."

ఆ రాత్రి ఆ బకెట్ గుర్తుకొచ్చింది. ట్రైనింగ్ అయినవాళ్లం, అప్పుడే గమనించి ఉండాల్సింది. బకెట్ మూతి గుండ్రంగా ఉంటుందని పిల్లకు తెలుసు. బకెట్ నేల మీద కదలకుండా నిలబడుతుందనీ తెలుసు. తెలిసిన రెండు విషయాలనూ నిజాయితీగా కాగితం మీద పెట్టింది. కానీ మనం నిలబడి చూస్తే బకెట్ మూతి కోడిగుడ్డులా సాగి కనిపిస్తుంది. తెలిసింది కాదు, కనిపించింది వేయాలని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. కొత్తగా నేర్చుకునే ఎవరైనా చేసే తప్పే అది. దానికి మందు చిన్నది. చెయ్యి చాచి పెన్సిల్ నిలువుగా పట్టుకుని, ఒక కన్ను మూసి, మూతి వెడల్పు ఎంత, లోతు ఎంత కనిపిస్తోందో కొలవడం. వారం రోజులు రోజుకో పావుగంట చాలు. మేము ఆ పావుగంట ఇవ్వకుండా తీర్పు ఇచ్చాం.

బెట్టీ ఎడ్వర్డ్స్ అనే అమెరికా టీచర్ 1979లో బొమ్మలు నేర్పే పుస్తకం ఒకటి రాసింది. అందులో చూసి వేయాల్సిన బొమ్మను తలకిందులుగా పెట్టి వేయించే పద్ధతి ఉంది. తలకిందులుగా ఉంటే ఇది ముక్కు, ఇది చెయ్యి అని మనసు పేర్లు పెట్టలేదు, గీత ఎటు పోతే కన్ను అటే పోతుంది. మేము తెలుగు వాచకంలోని ఒక బొమ్మతో మా పిల్లల దగ్గర చేయించాం. ముందు పుస్తకాలు తిప్పి పట్టుకోమంటే ఒకటే నవ్వులు. తర్వాత హాలంతా నిశ్శబ్దం. మా జాబితాలోకి రాని పిల్లలు కూడా అంతకుముందు వేసినదానికంటే ఎంతో బాగా వేశారు.

అయితే పిల్లలందరూ ఒకటేనా అంటే, కాదు. ఒకరికి గీత తొందరగా పట్టుబడుతుంది, ఒకరికి ఆలస్యమవుతుంది. ఇరవై ఏళ్లుగా పిల్లలతో ఉన్నాం, కాదని అనలేం. కానీ ఆ తేడా చూసి ఎవరు ముందు మొదలుపెడతారో చెప్పవచ్చు. ఎవరు నేర్చుకోగలరో చెప్పలేం.

ఇంకో మాట. ఇది పొగడ్తలా ఉంటుంది, కానీ పొగడ్త కాదు. శిల్పారామంలో మన స్టాళ్ల దగ్గర నిలబడితే వినిపిస్తుంది. మెడలో ఐడీ కార్డు వేసుకున్న అబ్బాయి, మంచి మనసుతోనే, "మీవాళ్లకు ఇది రక్తంలోనే ఉంటుంది కదండీ" అంటాడు. మేమూ తండా నుండి వచ్చినవాళ్లమే. అద్దాల కుట్టు నేర్పేటప్పుడు మా యాడి ఒక్క కుట్టు పక్కకు పోయినా మొత్తం విప్పించేది. రక్తంలో ఉంటే వేళ్లకు అన్ని సూది పోట్లు ఎందుకు? శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం కొండల్లో సవరలు ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో బొమ్మలు వేస్తారు. ముందు చట్రం, తర్వాత లోపలి మనుషులు, జంతువులు, చెట్లు. ఆ క్రమం చూసి చూసి నేర్చుకున్నదే. చేర్యాల నకాశీ పటాల పనీ అంతే. బట్టకు చింతగింజల గంజి, సుద్ద, జిగురు పట్టించడం దగ్గర నుండి మొదలవుతుంది. రక్తం అని తేల్చేస్తే ఆ శ్రమ మాయమైపోతుంది. శ్రమ కనిపించకపోతే ధర దగ్గర బేరం మొదలవుతుంది.

మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్‌లో పుట్టిన పర్ధాన్ గోండు చిత్రకారుడు భజ్జూ శ్యామ్ సంగతి చూడండి. మన ఆదిలాబాద్‌లో కిక్రీ వాయించి కథలు చెప్పే పర్ధాన్ల బంధుగణమే వాళ్లు. ఆయన భోపాల్‌లో వాచ్‌మన్‌గా చేశాడు, కరెంటు పని చేశాడు. తర్వాత బాబాయి జన్‌గఢ్ సింగ్ శ్యామ్ దగ్గర చేరి, ఆయన బొమ్మల్లో రంగులు నింపుతూ నేర్చుకున్నాడు. 2018లో పద్మశ్రీ వచ్చింది. పుట్టు ప్రతిభ అంటే మనవాళ్లు చెప్పే పేరు రాజమండ్రి దామెర్ల రామారావు. 28 ఏళ్లు నిండకుండానే 1925లో పోయాడు. ఆయనకు కూడా కూల్డ్రే దొర గమనించి ప్రోత్సహించడం, బొంబాయి జె.జె. స్కూల్లో చదువు కావలసి వచ్చాయి.

ఇక్కడ కూర్చున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ చాలామంది ఈ సైబర్ టవర్స్ చుట్టుపక్కల ఆఫీసుల్లో పనిచేస్తున్నారు. 1998లో ఆ టవర్స్ ప్రారంభమైనప్పుడు మేము ట్రైనింగ్ చదువుల్లో ఉన్నాం. మీలో ఎంతమంది అమీర్‌పేట మైత్రీవనం దగ్గర ఇరుకు గదుల్లో కోర్సులు నేర్చుకున్నారో చేతులు ఎత్తితే తెలుస్తుంది. అక్కడ ఫీజు కట్టారా అని అడిగారు గానీ, నీ రక్తంలో జావా ఉందా అని అడిగారా? మన పిల్లకు డోలు, బొమ్మ, డ్యాన్సు రక్తంలోనే ఉన్నాయనేవాళ్లే, లెక్కలు, కంప్యూటర్ మాత్రం రక్తంలో లేవని లోలోపల అనుకుంటారు. మొదటి మాటకు మనం చప్పట్లు కొడితే రెండో మాటకు తల ఊపినట్టే.

ఈ ఏడు ఆ సంస్థ నుండి మళ్లీ ఉత్తరం వచ్చింది. అదే మాట, టాలెంట్ ఉన్న పది మంది అని. ఈసారి కాగితాలు పంచలేదు. నేర్చుకోవాలని ఉన్నవాళ్లు పేర్లు ఇవ్వండి అన్నాం. ముప్పై ఒక్క పేర్లు వచ్చాయి, అందులో పదో తరగతి అమ్మాయి పేరూ ఉంది. స్టీలు గిన్నెలో చీటీలు వేసి పది తీశాం. ఆమె పేరు రాలేదు. వంటమనిషి అక్క ఇంకొక్కటి తీయండి మేడం అంది గానీ, మిగతా పిల్లలు చూస్తున్నారు, తీయలేకపోయాం.

సంస్థ వారికి ముప్పై ఒక్క మందినీ రెండు జట్లుగా తీసుకోమని రాశాం. జవాబు ఇంకా రాలేదు. ఈలోగా మేమే ఆదివారం పొద్దున బకెట్లు, ట్రంకు పెట్టెలు వరుసగా పెట్టి గీయిస్తున్నాం. పెన్సిల్ కొలత వరకు మాకు వచ్చు, రంగుల దగ్గర మేమూ ఆగిపోయాం. మీలో రంగులు కలపడం తెలిసినవాళ్లు నెలకు రెండు ఆదివారాలు రాగలిగితే, భోజనాల దగ్గర పేరు, ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లండి. రిజిస్టర్ మా పిల్లల దగ్గరే ఉంది. సెలవు.