హృదయయంత్రము - శల్యము
(రాజంపేట వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



నేను వైద్యుడను గాను. ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు శబ్దములును, సంధులును జెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. అట్టివాడు హృద్రోగమును గూర్చి ప్రసంగింప సాహసించుటకు మా యింట జరిగిన పొరపాటే కారణము.

మా యన్నగారికి నాడి మందగించి స్మృతి తప్పుచుండగా, హైదరాబాదున వైద్యులు పేస్‌మేకరు నమర్చిరి. ఇది జత్రువను నెముక క్రింద, చర్మమున కడుగున నుంచబడు చిన్న విద్యుద్యంత్రము. దానినుండి సన్నని తీగలు సిరద్వారమున హృదయమును జేరి, అది తగిన వేగమున గొట్టుకొనునట్లు చేయును. 1958 అక్టోబరు 8వ తేదీన స్వీడనులో సెన్నింగు అను శస్త్రవైద్యుడు దీనిని మొట్టమొదట ఆర్నె లార్సన్ అను రోగి కమర్చెను. ఆ యంత్రము కొలది గంటలే పనిచేసెను. అయినను లార్సన్ ఇరువదికి పైగా యంత్రములను మార్చుకొనుచు 2001 వఱకు జీవించెను. 2007లో ఆరోగ్యశ్రీ యను పేర నారంభమైన పథకము వలన నిది మన బీదవారికిని లభించుచున్నది.

కొన్నేండ్లకు బ్యాటరీ క్షీణింపగా యంత్రమును మార్చిరి. మొదటి యమరికకంటె ఇట్టి మార్పులయందే క్రిములు సోకు భయ మెక్కువయట. కొన్ని నెలలకు ఆ చోటు ఎఱ్ఱబడి, వెచ్చనై, చిన్న పొక్కు లేచెను. సెగగడ్డయని తలచి నేనే పసుపు, వేపాకు నూరి పట్టు వేయించితిని. పిదప జ్వరము వచ్చెను. బిళ్లలు మ్రింగగా తగ్గెను; మానగా మరల వచ్చెను. ఇట్లు మూడు మారులయ్యెను. రెండు మాసములు గడచిన పిదప చలివణకును, ఆయాసమును గలుగగా హైదరాబాదునకు గొనిపోయితిమి.

వైద్యులు రక్తమును పరీక్షించి, అన్నవాహికద్వారా హృదయచిత్రమును దీసి, క్రిములు తీగలపైనను, కవాటముపైనను నిలిచినవనిరి. మందులతో మాన్పరాదా యని యడిగితిని. చర్మముపై సదా నుండు స్టెఫిలోకాకస్ జాతి క్రిములే లోనికి జొచ్చి, తీగలపై జిగురుపొర నల్లుకొని యందు దాగునట. ఔషధ మాపొరలోని క్రిముల నన్నిటిని జంపజాలదు. కావున యంత్రమును, తీగలను సమూలముగ దీయవలయుననిరి.

శరీరమున జొచ్చి బాధించు పరవస్తువును సుశ్రుతుడు శల్యమనెను. దానిని దీయు విద్యయే శల్యతంత్రము. ములుకని పిల్లల కర్థము చెప్పితినే కాని, ఆ పదము నాకు ఆనాడు గాని బోధపడలేదు. ప్రాణము నిలిపిన మిత్రమే క్రిములు చేరిన పిదప శల్యమగును.

అన్నియు దీసి, తాత్కాలికయంత్రముతో నడపి, రక్తము శుద్ధమైన పిదప రెండవవైపున క్రొత్తది యమర్చిరి. ఆఱు వారములు సిరలోనికి మందెక్కించిరి. అన్నగారు బ్రదికిరి. కాని కవాటము చెడినందున, పొలముగట్లపై నడచినవారు నేడు అరుగు దిగుటకే ఆయాసపడుచున్నారు. ఆ రెండు మాసముల యాలస్యము నాది.

కావున సోదరులారా! యంత్రమున్న చోట ఎఱ్ఱదనము, వాపు, నొప్పి, రసికారుట కనబడినను, చర్మము పలుచనై యంత్రము పొడసూపినను, కారణము తెలియని జ్వరము వచ్చినను, యంత్ర మమర్చిన వైద్యులకడకు వెంటనే పోవుడు. ఆ వాపును సూదితో బొడువనీయకుడు, గీయింపకుడు, పట్టులు వేయకుడు. రక్తమును పరీక్షకు దీయకమునుపే క్రిమిసంహారకములు మ్రింగినచో శత్రువెవరో తెలియకుండ పోవును. చెక్కెరవ్యాధి, మూత్రపిండవ్యాధి గలవారు మఱింత జాగరూకులై యుండవలయును. యంత్రముతో నిచ్చిన కార్డు నెల్లప్పుడు దగ్గర నుంచుకొనుడు. ఇంతమాత్రమున యంత్రమునకు వెఱవ బనిలేదు. పెక్కుమందికి ఈ యాపద రానేరదు. వద్దన్నచో నాడి నిలిచిపోవు భయము దానికంటె పెద్దది.

రాజపోషకులకు నాదొక విన్నపము. ఆఱు వారములు రోగితో హైదరాబాదులో నుండుట కూలిజనులకు దుర్భరము. చికిత్సకు పథకము కలదు. తోడున్నవాని కూటికి లేదు. సంఘనిధినుండి అట్టివారి బసకును, భోజనమునకును గొంత కేటాయింపుడు. కూలి పోవునని యే కుటుంబమును చికిత్సకు వెనుదీయకుండ జూడుడు. దానివలన నొక్కడైన నాలుగవ జ్వరమువఱకు వేచియుండక ముందే పోయినచో, నా తప్పునకు గొంత ప్రాయశ్చిత్తము జరిగినట్లు భావింతును.