తీగ చుట్టూ ఒక చుట్టు
(స్వర్ణోత్సవ సభలో విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



జ్ఞాపకాలు మిత్రులు చక్కగా చెప్పారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు "పిల్లలకు పనికొచ్చేది ఏదైనా చెప్పు" అన్నారు. నా వృత్తి కరెంటుతోనే కాబట్టి కరెంటు గురించే చెబుతాను.

పదో తరగతి పిల్లలకు ఆయిర్‌స్టెడ్ ప్రయోగం తెలుసు. కరెంటు పారే తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదులుతుందని ఆయన 1820లో ప్రకటించాడు. అదే ఏడాది ఫ్రాన్సులో ఆంపియర్, కరెంటు పారే రెండు తీగలు ఒకదాన్నొకటి లాక్కుంటాయని, కరెంటు దిశ మారిస్తే నెట్టుకుంటాయని చూపించాడు. ఆయన పేరుతో ఉన్న నియమాన్ని మీరు ఇంటర్‌లో చదువుతారు. దాన్ని మాటల్లో చెబుతాను.

తీగ చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరిగి వచ్చారనుకోండి. అడుగడుగునా, మీరు నడిచే దిశలో అయస్కాంత క్షేత్రం ఎంత ఉందో చూసి, ఆ అడుగు పొడవుతో గుణించి, కూడుతూ పోండి. చివరికి వచ్చే మొత్తం ఆ చుట్టు లోపలి నుంచి పోయే నికర కరెంటును బట్టే ఉంటుంది. గుండ్రంగా తిరిగినా, వంకరటింకరగా తిరిగినా మొత్తం మారదు.

పొడవైన తిన్నని తీగలో 10 ఆంపియర్లు పారితే, 5 సెంటీమీటర్ల దూరంలో క్షేత్రం 40 మైక్రోటెస్లాలని ఈ నియమంతో ఒక్క లైనులో తేలుతుంది. మన ప్రాంతంలో భూమి క్షేత్రం కూడా దాదాపు అంతే. (ముల్లు కదలడం బ్యాటరీ కరెంటుతోనే చూడండి. ఇంటి కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, ముల్లు ఆ వేగాన్ని అందుకోలేదు. పైగా ప్రాణాపాయం.)

ఇప్పుడు 'నికర' అన్న మాట పట్టుకోండి. ఎలక్ట్రీషియన్ దగ్గర నోరు తెరిచే మీటరు చూసే ఉంటారు. టాంగ్ టెస్టర్ అంటారు. తీగ కోయకుండా, ముట్టుకోకుండా, చుట్టూ దవడ మూస్తే కరెంటు చూపిస్తుంది. ఆ ఇనుప దవడే మనం తిరిగిన చుట్టు. తీగను దవడలోంచి రెండుసార్లు తిప్పితే రీడింగు రెట్టింపవుతుంది. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి దవడలో పెడితే సున్నా. మీటరు చెడిపోలేదు. పోయే కరెంటు, వచ్చే కరెంటు సమానం కాబట్టి నికరం సున్నా.

మరి సున్నా రాకపోతే? పోయిన కరెంటులో కొంత న్యూట్రల్ గుండా తిరిగి రాలేదన్నమాట. అది గీజరు ఒంటిలోంచో, తడి గోడలోంచో, మనిషి ఒంట్లోంచో భూమిలోకి పోతోంది. మెయిన్ బోర్డులో ఉండే ఆర్.సి.సి.బి. రాత్రింబవళ్లు కనిపెట్టేది దీన్నే. దాని లోపల రింగులోంచి రెండు తీగలూ పోతాయి. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే సెకనులో మూడో వంతు లోపలే సరఫరా కోసేస్తుంది. మామూలు ఎం.సి.బి. ఈ పని చెయ్యలేదు. 16 ఆంపియర్ల ఎం.సి.బి.కి 30 మిల్లీ ఆంపియర్లంటే ఐదువందల వంతు కూడా కాదు. మనిషి ప్రాణం తీయడానికి మాత్రం అంతకు కాస్త ఎక్కువ చాలు.

పొలం మోటారుకూ ఇదే లెక్క. మూడు ఫేజుల తీగలూ కలిపి దవడలో పెడితే సున్నా దగ్గర ఉండాలి. లేదంటే మోటారులోనో, కేబుల్లోనో ఇన్సులేషన్ పోయింది. తడి నేల మీద నిలబడి స్టార్టర్ ముట్టుకునే ముందే తెలియాల్సిన సంగతి ఇది.

"మాటిమాటికీ పడిపోతోంది" అని ఆర్.సి.సి.బి.ని తీయించేసిన ఇళ్లు చాలా చూశాను. అది పడిపోతోందంటే ఎక్కడో లెక్క తప్పుతోంది. లీకేజీ ఉండొచ్చు, న్యూట్రల్ వేరే లైనుతో కలిసి ఉండొచ్చు. వెతికి బాగుచేయించాలి గాని కాపలావాణ్ణి పంపేయకూడదు. అలాగని అది ఉందన్న ధీమా కూడా వద్దు. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే, భూమిలోకి పోయే కరెంటు లేకపోతే, లెక్క సరిపోయినట్టే ఉంటుంది. అది పడదు.

పిల్లలూ, ఈ సాయంత్రం ఇంటికెళ్లి, పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని మెయిన్ బోర్డు చూడండి. ఆర్.సి.సి.బి. ఉంటే దాని మీదున్న 'టెస్ట్' బటన్ నాన్నగారితోనో అమ్మతోనో నొక్కించండి. వెంటనే పడాలి. పడకపోయినా, అసలు ఆర్.సి.సి.బి. లేకపోయినా ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. పరీక్షలో ఈ నియమానికి నాలుగు మార్కులు రావచ్చు, రాకపోవచ్చు. ఇంట్లో మాత్రం అది పనిచేస్తూ ఉండాలి.