ప్రవాసములో నవలాకారుడు

(మన సంఘమువారి ఉగాది సభలో చేసిన ప్రసంగము)



పరదేశములో నివసించు నవలాకారుని జీవితమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరినారు. మేము పండితులము కాము. పదవ తరగతి ప్యాసయి రైల్వేలో గుమాస్తాగిరీ చేయుచున్నవారము. పగలంతయు పార్సెలు చీట్లపై ‘ఎక్కడినుండి’, ‘ఎక్కడికి’ అని నింపుట మా పని. రాత్రి ఇల్లు చేరి, నాలుగేండ్లుగా ఒక నవల వ్రాయ ప్రయత్నించుచున్నాము. ఆ నేరమునకే మమ్ము ఈ వేదిక యెక్కించినారని మా అనుమానము.

భివండి పరదేశమా అని మీరడుగవచ్చును. పాసుపోర్టు అక్కరలేదు, నిజమే. కాని తన మాట చదువువారు చుట్టుప్రక్కల కరువయిన చోటు రచయితకు పరదేశమే. వసయి–దివా లైనుపై మన భివండి రోడ్డు స్టేషనులో దిగినవానికి మరాఠీ, హిందీ, ఉర్దూ వినబడును. పద్మనగరు చేరినగాని మన మాట చెవినిబడదు.

ప్రవాస రచయితలలో మా గుమాస్తా జాతికి దగ్గరివాడొకడు కలడు. ఐర్లండు దేశపు జేమ్సు జాయిసు. 1904లో డబ్లిను నగరము విడిచి, ట్రియెస్తె పట్టణములో ఇంగ్లీషు పాఠములు చెప్పుకొని బ్రదికినాడు. కొన్ని నెలలు రోములో బ్యాంకు గుమాస్తాగా కూడ పనిచేసినాడు. 1922లో పారిసులో వెలువడిన అతని ‘యులిసిస్’ నవలలో కథ యంతయు డబ్లినులో 1904 జూను 16వ తేదీన, ఒక్క దినమున జరుగును. ఒక ఇంటి ముందరి ఇనుప కటకటాలు దాటి మనిషి దెబ్బ తగులకుండ క్రిందికి దిగగలడా యని డబ్లినులోని మేనమామ భార్యకు ఉత్తరము వ్రాసి అడిగినాడు. విడిచిన ఊరిపై అంత పట్టు! అయినను అతని ఇంటిలో పిల్లలు మాట్లాడినది ఇటాలియను భాష. ఈ సంగతి చదివిననాడు మాకు నిద్ర పట్టలేదు.

మనవారిలో తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుండి 1980లో కన్నుమూయువరకు మద్రాసులో ‘చందమామ’ పని చూచుచు వ్రాసినారు. అయితే ఆనాటి మద్రాసులో తెలుగు ముద్రణశాలలు, పత్రికలు, పాఠకులు ఉండిరి. పత్రిక యున్నచోట ప్రవాసము సగము తగ్గును. ఈ సంగతి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ముందే గ్రహించి, 1908లో మన బొంబాయిలోనే ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా ప్రారంభించినారు. 1914లో అది మద్రాసు వెళ్ళి దినపత్రిక అయినది. కనుక మన ఈ చిన్న సంచికను ఎవరును చిన్నచూపు చూడరాదు.

1973లో అమెరికా వెళ్ళిన నిడదవోలు మాలతిగారు అక్కడి తెలుగు సంసారములను గూర్చి ‘చాతకపక్షులు’ నవల వ్రాసినారు. ముంబయిలో అంబల్ల జనార్దన్ గారు ఇక్కడి తెలుగువారి బ్రదుకులను కథలుగా వ్రాసినారు. జాయిసు విడిచిన ఊరిని వ్రాసినాడు. వీరు చేరిన ఊరిని వ్రాసినారు. ప్రవాసములోని రచయితకు ఈ రెండు దారులు కలవు.

మేము మొదట జాయిసు దారినే పోయినాము. సిరిసిల్ల తాలూకాలోని మా బాపు ఊరు, వాగు, చింతచెట్లు, మగ్గపు గుంటలు అన్నియు ఊహించి నాలుగు అధ్యాయములు వ్రాసినాము. మేము ఆ ఊరికి సెలవులలో పోయినవారమే గాని కాపురమున్నవారము కాము. ఇప్పుడా ఊరు మిడ్ మానేరు జలాశయము క్రింద ఉన్నది. అందుచేత మాకు ధైర్యము ఎక్కువయినది. తప్పు పట్టుటకు ఊరే లేదు గదా!

బాపుకు సాంచాల మ్రోతకు చెవులు మందగించినవి. చదివి వినిపించుటకు వీలులేక కాగితములు చేతికిచ్చినాము. అక్షరముపై వ్రేలుపెట్టి, వారము దినములు చదివినారు. చివరకు ఇట్లన్నారు:

“ఊరు మంచిగనే రాసినవ్ కొడుకా. గని ఆ ఊర్ల నేను పదెనిమిదేండ్లే ఉన్న. ఈడ నలభయ్యేండ్లు సాంచాలు నడిపిన. అదేది?”

మా వద్ద జవాబు లేకపోయినది. వారమునకొకసారి మారు పగటి పాళీ, రాత్రి పాళీ. పండ్రెండు గంటలు నిలువుకాళ్ళ ఉద్యోగము. బిస్సీలో నెలకొకసారి లెక్క చూచుకొను భోజనము. ఒకడు లేచిన చాపపై మరియొకడు పండుకొను గది – ఇవి నవలకు తగినవని మాకు తోచలేదు. 1984 అల్లర్లలో సాంచాలు ఆగినపుడు, ఆ నిశ్శబ్దమే తనను ఎక్కువ భయపెట్టినదని బాపు ఆనాడే మొదటిసారి చెప్పినారు. ముప్పదియేండ్లు ఒకే ఇంటిలో ఉండి, మేము అడుగలేదు, ఆయన చెప్పలేదు. మునిగిన ఊరిని గూర్చి విచారించుచు, కంటి యెదుట మునుగుచున్నదానిని చూడలేకపోయినాము.

ఆ నాలుగు అధ్యాయములు కట్టి అటుకపై పెట్టినాము. క్రొత్తగా మొదలుపెట్టిన దానిలో సాంచా, పాళీ, బిస్సీ, సేటు అను మాటలు అట్లే ఉంచుచున్నాము. ఇవి శుద్ధమయిన తెలుగు కాదని పెద్దలు కోపింతురేమో. కాని ఈ మాటలు తీసివేసిన బాపు జీవితములో మిగులునది ఏమి?

ఇక ‘ఎక్కడికి’ అను గడి మిగిలినది. మా అమ్మాయికి ఎనిమిదేండ్లు, మరాఠీ బడి. తెలుగు మాట్లాడును, చదువలేదు. తాత చేతిలోని కాగితములు చూచి, “ఇందులో ఏమున్నది?” అని అడిగినది. మొదటి రెండు పుటలు నాగరి లిపిలో వ్రాసి ఇచ్చినాము. తాత చెవి దగ్గర కూర్చుండి, గట్టిగా చదివినది. ఆయన నడుమ నడుమ మాట దిద్దినారు. ఆ సాయంత్రము మా నవలకు ఇద్దరు పాఠకులు దొరికినారు. జాయిసు ఇంటిలో జరిగినది మన ఇంటిలో జరుగవలెనని లేదని మాకు నమ్మకము కలిగినది.

అయినను నాగరి లిపి ఊతకర్రయే గాని కాలు కాదు. కనుక మా విన్నపములు రెండు. ఆదివారము ఒక్క గంట పిల్లలకు అక్షరములు నేర్పుటకు సంఘము గది ఇచ్చినచో, చెప్పుటకు మేము వత్తుము. రెండవది, మీ ఇంటిలోని పెద్దలను, వారు భివండిలో దిగిన మొదటి దినము సంగతి అడుగుడు. వ్రాయువాడు మీ ఇంటనే పుట్టవచ్చును.

ఈ దినమున మన పొరుగువారు గుడిపడ్వా చేసికొనుచు, కర్రకు క్రొత్త వస్త్రము కట్టి గుమ్మమున నిలిపినారు. మనము వేపపూవు పచ్చడి తిని వచ్చినాము. వస్త్రము నేసిన ఊరిలో ఈ రెండు పండుగలు ఒకే దినమున వచ్చుట మనకు శుభముగాక.