క్లోమంలో నీటితిత్తి: ఒక్క అంకెతో తీర్పు చెప్పకండి

(ఉపకార వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. అయినా ఈరోజు ఒక వైద్య విషయం ఎంచుకొన్నాను. స్కానింగు రిపోర్టు చేతికి రాగానే అందులోని ఒక్క మాట పట్టుకొని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోవడం చూస్తున్నాము. అటువంటి మాటల్లో ఒకటి 'ప్యాంక్రియాటిక్ సిస్ట్'.

ప్యాంక్రియాస్‌ను తెలుగులో క్లోమం అంటారు. మనముండే ఊళ్లలో తమిళంలో కణైయం అనీ, కన్నడంలో మేదోజీరక గ్రంథి అనీ, మరాఠీలో స్వాదుపిండం అనీ వింటుంటాము. అన్నీ ఒకటే. జీర్ణాశయం వెనుక ఉండి, అరుగుదలకు కావలసిన రసాలను, రక్తంలో చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్‌ను తయారుచేసే అవయవం ఇది. అందులో నీరు చేరిన సంచే సిస్ట్, అంటే తిత్తి. వేరే దేనికోసమో స్కానింగు తీస్తే ఇది బయటపడడం ఈ రోజుల్లో మామూలైంది.

తిత్తులన్నీ ఒక జాతివి కావు. ముఖ్యమైనవి మూడు. మొదటిది సూడోసిస్ట్. క్లోమం వాచిన తరువాత ఏర్పడేది, క్యాన్సర్‌గా మారదు. రెండవది సీరస్ తిత్తి. లోపల పలుచని నీరుంటుంది. ఇదీ క్యాన్సర్‌గా మారడం బహు అరుదు. మూడవది మ్యూసినస్, అంటే జిగురు తిత్తి. వీటిలో కొన్ని కాలక్రమేణా క్యాన్సర్‌గా మారవచ్చు. అన్నీ మారవు.

చిక్కు ఏమిటంటే, స్కానింగులో మూడూ ఒక్కోసారి ఒకేలా కనిపిస్తాయి. క్లోమానికి చేసే ఆపరేషన్ చిన్నది కాదు. కొంత భాగం తీసివేస్తే షుగరు వ్యాధి రావచ్చు. అనవసరంగా కోస్తే ఆ నష్టం. కోయవలసినదాన్ని వదిలేస్తే ప్రాణానికే ముప్పు. అందుకని అవసరమనుకొన్నవారికి నోటిగుండా గొట్టం దించి, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో చూస్తూ, సన్నని సూదితో తిత్తిలోని నీరు తీసి పరీక్షిస్తారు.

ఆ నీటిలో చూసేవాటిలో ముఖ్యమైనది సి.ఇ.ఎ. అనే ప్రోటీను. 1965లో కెనడాలోని మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ అనే వైద్యులు దీనిని గుర్తించారు. మిల్లీలీటరుకు 192 నానోగ్రాములు దాటితే జిగురు తిత్తి కావచ్చునని 2004లో వెలువడిన అమెరికా అధ్యయనం ఒకటి తేల్చింది. అయితే ఆ గీత నూటికి 79 సార్లే సరిగ్గా చెప్పింది. నూరు రోజుల్లో 79 రోజులే క్యాష్ టాలీ అయితే ఏ మేనేజరైనా ఊరుకుంటాడా? ఇంకొక మాట. సి.ఇ.ఎ. ఎక్కువ ఉంటే జిగురు తిత్తి అని అర్థం, క్యాన్సర్ వచ్చేసిందని కాదు. ఈ తేడా తెలియకనే చాలామంది కుంగిపోతున్నారు.

రెండవది గ్లూకోజు. ఇది మనందరికీ తెలిసిన చక్కెరే. జిగురు తిత్తి నీటిలో ఇది డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములకన్నా తక్కువగా ఉంటుంది. సీరస్ తిత్తిలో ఎక్కువగా ఉంటుంది. ఖర్చు తక్కువ, కొద్ది చుక్కలు చాలు. కాని సూడోసిస్ట్‌లోనూ ఇది తగ్గవచ్చు. అక్కడ మూడవ సాక్షి అమైలేజు అక్కరకు వస్తుంది. అది 250 యూనిట్లకన్నా తక్కువైతే సూడోసిస్ట్ కాదని దాదాపుగా చెప్పవచ్చు.

నాలుగవది జన్యు పరీక్ష. కేరాస్, జీనాస్ అనే జన్యువులలో మార్పులుంటే జిగురు తిత్తి వైపు, వి.హెచ్.ఎల్. జన్యువులో మార్పు ఉంటే సీరస్ వైపు మొగ్గుతారు. ఇది ఖరీదైనది, అన్నిచోట్లా దొరకదు.

మా వదినగారికి క్లోమం తోక భాగంలో తిత్తి ఉందన్నారు. ఆపరేషన్ తప్పదేమోనని ఇంట్లో అందరూ భయపడ్డారు. నీరు పరీక్షిస్తే సి.ఇ.ఎ. 12 వచ్చింది. అది అటూ ఇటూ కాని అంకె. గ్లూకోజు 94, అమైలేజు తక్కువ. స్కానింగులో తేనెపట్టులాంటి చిన్న గదులు. నాలుగూ కలిపి చూసి డాక్టరుగారు సీరస్ అని నిర్ణయించారు. కత్తి అవసరం పడలేదు. అంకె ఒక్కటే చూసి ఉంటే ఇంత ధైర్యంగా ఆ మాట చెప్పగలిగేవారు కాదు.

తల్లిదండ్రులకు నా మనవి. ఇటువంటి రిపోర్టు వస్తే డాక్టరుగారిని మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఏ రకం తిత్తి? నీరు తీయవలసిన అవసరం ఉందా? మళ్లీ స్కానింగు ఎప్పుడు? చిన్న తిత్తులకు చాలావరకు గడువు ప్రకారం చూస్తూ ఉండడమే వైద్యం. ఆ గడువు తప్పించవద్దు. పాత రిపోర్టులు, ఫిల్ములు తేదీలవారీగా ఒకే ఫైలులో పెట్టండి. నిరుటి కొలత పక్కన ఉంటేనే తిత్తి పెరిగిందో లేదో తెలుస్తుంది.

విద్యార్థులారా, ఈ పనిలో డాక్టర్లే కాదు, బయోకెమిస్ట్రీ, జెనెటిక్స్, ల్యాబ్ టెక్నాలజీ, స్టాటిస్టిక్స్ చదివినవారు కూడా ఉన్నారు. 192 అనే గీత ఆకాశంనుంచి ఊడిపడలేదు. ఎవరో ఓపికగా లెక్కకట్టి తేల్చినది. మీలో ఎవరైనా రేపు ఇంతకన్నా మేలైన గీత గీయవచ్చు. బ్యాంకులో వోచరు, లెడ్జరు, సంతకం మూడూ సరిపోలితేనే డబ్బు చెల్లించేవాళ్లం. మనిషి ప్రాణం విషయంలో అంతకన్నా తక్కువ జాగ్రత్త పనికిరాదు.