మొదటి వంతు దొరికింది, ఆ తర్వాత?

(యువజన శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)



తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, హాకీ అనగానే మనకి ముందు గుర్తొచ్చే పేరు జైపాల్ సింగ్ ముండా. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చిన భారత జట్టుకి కెప్టెన్. ఆ కథ మీలో చాలామందికి తెలుసు. ఈరోజు నేను చెప్పేది మాత్రం ఆ హాకీ గురించి కాదు. కెనడాలో, అమెరికాలో మంచు గడ్డ మీద బూట్లకి ఇనుప పట్టీలు కట్టుకుని ఆడే ఐస్ హాకీ గురించి. మన గూడేల్లో ఎవరూ ఆడని ఆట గురించి ఎందుకు మాట్లాడుతున్నాడు ఈయన అనుకోవచ్చు. చివరిదాకా వినండి, మీకే తెలుస్తుంది.

అక్కడ ఎన్‌హెచ్‌ఎల్ అని ఒక పెద్ద లీగ్ ఉంది. 32 జట్లు. ఆ లీగ్‌లో ఒక పద్ధతి ఉంది, దాన్ని డ్రాఫ్ట్ అంటారు. మీరంతా ఐపీఎల్ వేలం చూసే ఉంటారు. అక్కడ డబ్బు ఎక్కువ పాడినోడికి ఆటగాడు దక్కుతాడు. డ్రాఫ్ట్‌లో వేలం ఉండదు. ప్రతి ఏడాదీ 18 ఏళ్ళు నిండే కుర్రాళ్ళని, అంటే మన దగ్గర ఇంటర్ అయిపోయే వయసు పిల్లల్ని, జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. ఏడు రౌండ్లు, 224 పేర్లు. మొదటి వంతు ఎవరిది? గెలిచినోడిది కాదు. పోయిన ఏడాది బాగా ఓడిపోయిన జట్లది. కప్పు కొట్టిన జట్టు చివర్లో ఎంచుకోవాలి.

వినగానే మనకి నచ్చే పద్ధతి కదా! వెనకబడ్డవాడికి ముందు వంతు. 1963లో మొదలైంది ఇది. బలమైన జట్లే ఎప్పుడూ బలంగా ఉండిపోకుండా, కింద ఉన్నవాళ్ళు కూడా పైకొచ్చే దారి ఉండాలని. తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. చివరి స్థానంలో ఉంటే మంచి ఆటగాడు దొరుకుతాడు గనక కొన్ని జట్లు కావాలనే ఓడిపోతున్నాయేమో అని అనుమానాలు వచ్చాయి. అందుకని 1995 నుంచి లాటరీ పెట్టారు. ఇప్పుడు ప్లేఆఫ్స్‌కి చేరని 16 జట్లు ఆ లాటరీలో ఉంటాయి. అందరికంటే కింద ఉన్న జట్టుకి అవకాశం ఎక్కువ, గ్యారంటీ మాత్రం లేదు.

సరే. మరి మొదటి వంతు దొరికిన జట్టు బాగుపడుతుందా? ఈ ప్రశ్నకి జవాబు కావాలంటే రెండు జట్ల కథ వినాలి.

మొదటిది ఎడ్మంటన్ ఆయిలర్స్. కెనడాలో ఆల్బర్టా రాష్ట్రం జట్టు. 1980లలో ఒక వెలుగు వెలిగింది. 2006లో ఫైనల్ దాకా వచ్చి ఓడింది. ఆ తర్వాత వరుసగా పది సీజన్లు ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. అంత కింద ఉంది కాబట్టి మొదటి వంతులు దక్కాయి. ఒకటి కాదు, ఆరేళ్ళలో నాలుగు! 2010లో టేలర్ హాల్, 2011లో ర్యాన్ న్యూజెంట్-హాప్కిన్స్, 2012లో నైల్ యాకుపోవ్, 2015లో కానర్ మెక్‌డేవిడ్. డ్రాఫ్ట్‌లోకెల్లా మంచి కుర్రాడు అని అందరూ అన్నవాణ్ణి ఏటా తెచ్చుకుంటున్నారు, ఏటా కిందనే ఉంటున్నారు. ఎందుకు?

కుర్రాళ్ళలో లోపం ఉందా? హాల్ సంగతి చూడండి. ఆరేళ్ళు ఎడ్మంటన్‌లో ఆడాడు, ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ ఆడలేదు. 2016లో అతన్ని న్యూజెర్సీకి ఇచ్చేశారు. రెండేళ్ళు తిరక్కుండా, 2018లో, లీగ్ మొత్తంలో విలువైన ఆటగాడికి ఇచ్చే హార్ట్ ట్రోఫీ అతనికే వచ్చింది. మడి మారగానే నారు తేరుకుంది. మరి తప్పు నారుదా, మడిదా?

మడి ఎట్లా ఉందో చెప్తా. 2010 నుంచి 2015 వరకు ఐదేళ్ళలో ఎడ్మంటన్‌కి ఐదుగురు కోచ్‌లు. రెన్నీ, క్రూగర్, ఈకిన్స్, నెల్సన్, మెక్‌లెలన్. ఒకాయన వచ్చి ముందుకి దూకమంటాడు. ఇంకొకాయన వచ్చి వెనక కాపలా కాయమంటాడు. 18, 19 ఏళ్ళ పిల్లాడు ఎవరి మాట వినాలి? యాకుపోవ్‌కి నాలుగు సీజన్లలో నలుగురు కోచ్‌లు. మొదటి ఏడాది బాగానే గోల్స్ కొట్టాడు. తర్వాత తగ్గిపోయాడు. ఎడ్మంటన్ వదిలేసింది, ఇంకో రెండు జట్లు మారాడు. 2018లో, 24 ఏళ్ళ వయసులో, ఎన్‌హెచ్‌ఎల్‌లో అతని ఆట ముగిసిపోయింది. మొదటి నంబరు కుర్రాడు! 

అందులోనే ఇంకో సంగతి ఉంది. జట్టు అంటే గోల్స్ కొట్టేవాళ్ళే కాదు. వెనక గోడలాగ నిలబడే డిఫెన్స్ ఆటగాళ్ళు కావాలి, గోలీ కావాలి, దెబ్బలు తిని ఆరితేరిన పెద్దవాళ్ళు నలుగురు కావాలి. పై నలుగురూ ముందు వరసలో ఆడేవాళ్ళే. ఇంటికి నాలుగు వాకిళ్ళు పెట్టి వెనక గోడ కట్టకపోతే వాన లోపలికే కొడుతుంది.

ఎడ్మంటన్ నేర్చుకుంది గానీ ఆలస్యంగా నేర్చుకుంది. 2014లో లియోన్ డ్రైసైటిల్ అనే జర్మనీ కుర్రాణ్ణి మూడో వంతులో తీసుకున్నారు. వెంటనే పెద్ద ఆటలో దింపారు. 37 మ్యాచ్‌ల తర్వాత, ఇంకా పండలేదని, జూనియర్ లీగ్‌కి తిరిగి పంపారు. అప్పుడు అది అవమానంలాగ కనపడింది. 2020లో అదే కుర్రాడు లీగ్‌లో అందరికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చాడు, హార్ట్ ట్రోఫీ కూడా గెలిచాడు. వెనక్కి పంపడం అంటే వదిలేయడం కాదని ఆ కథ చెప్తుంది. 2024లో, 2025లో ఆయిలర్స్ ఫైనల్‌కి చేరారు. రెండుసార్లూ ఫ్లోరిడా చేతిలో ఓడారు. మెక్‌డేవిడ్‌ని తెచ్చుకున్న తొమ్మిదేళ్ళకి ఫైనల్ దాకా రాగలిగారు, లెక్క చూసుకోండి.

ఇప్పుడు రెండో జట్టు, కొలరాడో అవలాంచ్. అమెరికాలో డెన్వర్ నగరం జట్టు. 2016-17లో 82 మ్యాచ్‌లు ఆడి 22 గెలిచింది. 48 పాయింట్లు. లీగ్‌లో ఆఖరు. అప్పట్లో లాటరీ మూడు స్థానాలకి తీసేవాళ్ళు. ఆఖరు జట్టుకి మొదటి వంతు రావాలి కదా, రాలేదు. రెండోదీ రాలేదు, మూడోదీ రాలేదు. నాలుగో స్థానానికి దిగిపోయారు. ఓడింది చాలక లాటరీలోనూ ఓడారు. ఆ రోజు డెన్వర్‌లో అభిమానుల మొహాలు ఎట్లా ఉండుంటాయో మీరే ఊహించుకోండి.

ఆ నాలుగో వంతులో వాళ్ళు కేల్ మకార్ అనే డిఫెన్స్ కుర్రాణ్ణి తీసుకున్నారు. పెద్ద జూనియర్ లీగుల్లో కాదు, ఆల్బర్టాలో ఒక చిన్న లీగ్‌లో ఆడుతున్నవాడు. అతను మసాచుసెట్స్ యూనివర్సిటీకి వెళ్ళి రెండేళ్ళు అక్కడే ఆడాడు. జట్టు ఎదురుచూసింది. 2019 ఏప్రిల్‌లో నేరుగా ప్లేఆఫ్ మ్యాచ్‌లో అడుగుపెట్టి, మొదటి మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు.

ఆలోగా జట్టు ఏం చేసింది? మొదటిది, కోచ్‌ని తీసెయ్యలేదు. జారెడ్ బెడ్నార్‌కి ఆ 48 పాయింట్ల సీజనే మొదటి సీజన్. వేరే చోటైతే సామాను సర్దుకోమనేవాళ్ళు. జనరల్ మేనేజర్ జో సాకిక్ ఆయన్ని ఉంచాడు. రెండోది, తొందరపడి అమ్ముకోలేదు. మ్యాట్ డుషీన్ అనే మంచి ఆటగాడు వేరే జట్టుకి పోతానన్నాడు. అందరూ ఏదో ఒకటి తీసుకుని ఇచ్చెయ్ అంటున్నా, సాకిక్ నెలల తరబడి ఆగాడు. 2017 నవంబర్‌లో మూడు జట్ల మధ్య బేరం కుదిరింది. అందులో సామ్యూల్ జిరార్డ్ అనే కుర్రాడు వచ్చాడు, ఒటావా జట్టు మొదటి రౌండ్ వంతు కూడా వచ్చింది. 2019లో ఆ వంతుతోనే బోవెన్ బైరమ్‌ని ఎంచుకున్నారు. మూడోది, ముందు డ్రాఫ్టుల్లో తెచ్చుకున్న మెకినన్, లాండెస్కోగ్, రాంటనెన్‌లని చెదరనివ్వలేదు. ఖాళీలు ఉన్న చోట వేరే జట్ల నుంచి అనుభవం ఉన్నవాళ్ళని తెచ్చుకున్నారు.

ఆ తర్వాతి ఏడాదే 95 పాయింట్లతో ప్లేఆఫ్స్‌కి చేరారు. 2022 జూన్‌లో స్టాన్లీ కప్ గెలిచారు. లాటరీలో జారిపోయి నాలుగో వంతులో దొరికిన మకార్‌కి ఆ ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడి బహుమతి. కోచ్ అదే బెడ్నార్.

నాలుగు మొదటి వంతులు దొరికిన ఊరు అంతకాలం తడబడింది. ఒక్క లాటరీ కూడా కలిసిరాని ఏడాది నుంచి మొదలుపెట్టిన ఊరు ఐదేళ్ళలో కప్పు ఎత్తింది. తేడా అంతా ఎంచుకున్న రోజు తర్వాత ఏం చేశారన్న దాంట్లోనే ఉంది.

ఇక జాబితా చివర్లో ఉన్నవాళ్ళ సంగతి. డెట్రాయిట్ జట్టు 1998లో పావెల్ దాట్సుక్‌ని 171వ పేరుగా తీసుకుంది. 1999లో హెన్రిక్ జెట్టర్‌బర్గ్‌ని 210వ పేరుగా. మిగతా జట్లన్నీ దాటేసిన పేర్లు అవి. మంచి కాళ్ళున్న వాళ్ళని వెతుక్కుంటూ ఊరూరా తిరిగే స్కౌట్ ఒకడు చూశాడు కాబట్టి దొరికారు. ఇద్దరూ కలిసి 2008లో ఆ ఊరికి కప్పు తెచ్చారు.

ఇంకొక పేరు మీరు తప్పక గుర్తుపెట్టుకోవాలి. 2015లో ఎడ్మంటన్ మెక్‌డేవిడ్‌ని మొదటి పేరుగా తీసుకుంది కదా. అదే డ్రాఫ్ట్‌లో, అదే జట్టు, 124వ పేరుగా ఈథన్ బేర్ అనే కుర్రాణ్ణి తీసుకుంది. ఇతను కెనడా ఆదివాసీ. సస్కాచెవాన్ రాష్ట్రంలో ఒచాపొవేస్ అనే క్రీ ప్రజల గడ్డ నుంచి వచ్చినవాడు. మొదటి పేరు గురించి పత్రికలన్నీ రాశాయి, 124వ పేరు గురించి ఎవరు రాస్తారు? నాలుగేళ్ళు కింది లీగుల్లో పనిచేసుకుంటూ వచ్చి 2019-20లో ఆయిలర్స్ జట్టులో స్థానం నిలబెట్టుకున్నాడు. 2020 జులైలో ఒక మ్యాచ్‌కి జెర్సీ వెనక తన పేరు క్రీ లిపిలో రాయించుకుని దిగాడు. ఆ లిపి అక్కడ మెరుస్తుంటే టీవీల ముందు క్రీ పిల్లలకి ఎట్లా అనిపించి ఉంటుంది!

2021లో జట్టు ప్లేఆఫ్స్‌లో ఓడింది. జట్టు మొత్తం ఓడింది. కొందరు మాత్రం బేర్‌ని పట్టుకుని జాతి పేరు పెట్టి తిట్టారు. అతను మౌనంగా ఉండలేదు. వీడియోలో ముందుకొచ్చి, ఇది తప్పు, మా పిల్లలు ఇది పడకూడదు అనే మాట గౌరవంగా, గట్టిగా చెప్పాడు. గెలిస్తే జట్టువాడు, ఓడితే ఆదివాసీ. ఆ మాట మనకి కొత్త కాదు.

డ్రాఫ్ట్ 18 ఏళ్ళకి వస్తుంది. అంతవరకు ఆ పిల్లాణ్ణి ఎవరు మోస్తారు? కేరీ ప్రైస్ అని గొప్ప గోలీ, 2005లో మాంట్రియల్ ఐదో వంతులో ఎంచుకుంది. అతని తల్లి ఉల్కాచో ఆదివాసీ ప్రజలకి నాయకురాలిగా పనిచేసింది. వాళ్ళుండే అనాహిమ్ లేక్‌లో పిల్లలు ఆడటానికి సరైన జట్టు లేదు. తండ్రి ఒక చిన్న పాత విమానం కొని, 300 కిలోమీటర్ల అవతల ఉన్న ఊరికి కొడుకుని తనే నడుపుకుంటూ ప్రాక్టీసుకి తీసుకెళ్ళేవాడు. ఆ తండ్రికి విమానం నడపడం వచ్చు కాబట్టి ప్రైస్ మనకి తెలిశాడు. రాని తండ్రుల పిల్లలు ఎందరో, వాళ్ళ పేర్లు ఏ రౌండ్‌లోనూ ఉండవు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇందుకే ఈ కథ మీకు చెప్పాను. రేపు మీలో ఒకరి పేరు ఏదో ఒక లిస్టులో వస్తుంది. ఆటలోనో, చదువులోనో, ఉద్యోగంలోనో. ఊరంతా సంబరపడుతుంది, పడాలి. మర్నాడు పొద్దున మాత్రం మనం అడగాల్సినవి అడగాలి. మా పిల్లకి నేర్పేవాడు ఎవరు? ఏడాదికొకడు మారతాడా, నిలబడతాడా? మొదటి ఏడాది తడబడితే ఇంటికి పంపేస్తారా, ఇంకో ఏడాది ఆగుతారా? తనకంటే ముందు ఆ దారిలో నడిచిన అక్కో అన్నో పక్కన ఉంటారా? వంతు ఇచ్చాం కదా అని చేతులు దులుపుకునేవాళ్ళకి ఎడ్మంటన్ పదేళ్ళు చూపించండి.

లిస్టులో పేరు రానివాళ్ళకి ఒక మాట. 124 అనే నంబరు గుర్తుంచుకోండి. 210 కూడా.

ఇప్పటికే ఒక మెట్టు ఎక్కినవాళ్ళకి ఇంకో మాట. మీ ఊళ్ళో కొత్తగా ఎంపికైన పిల్లో పిల్లాడో ఉంటే ఈ వారమే ఫోన్ చెయ్యండి. తిన్నావా, నిద్ర పడుతోందా, ఎవరన్నా ఏమన్నా అన్నారా అని అడగండి. యాకుపోవ్‌కి ఆ ఫోన్ ఎవరన్నా చేశారో లేదో నాకు తెలీదు. మన పిల్లలకి మాత్రం మనం చెయ్యాలి.

జోహార్!