తల్లిదండ్రుల కాలపు పాటయు, ఆటయు, పుస్తకమును
(రామాపురము గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. ఇది ప్రారంభమైననాడు చందాదారులుగా చేరినవారి బిడ్డలు ఈనాడు పెద్దవారై అదే బల్లయొద్ద కూర్చుండి చదువుకొనుచున్నారు. ఇట్టి సమయమున ఒక ప్రశ్న రాక తప్పదు. చాలకాలముగా ఎవ్వరును ఇంటికి తీసికొనిపోని పాత పుస్తకములను తీసివేసి, ఆ చోటు క్రొత్తవానికి ఈయరాదా యని యువకులు అడుగుచున్నారు. అందులో తప్పేమియు లేదు. పుస్తకములు పెరిగినట్లు బీరువాలు పెరుగవు గదా! పెద్దలు దీనికి కోపగించుకొనుట కంటె సమాధానము చెప్పుట మేలు.

పాతవన్నియు మంచివి కావు. ఈ తగవును కాళిదాసు మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనలోనే తీర్చినాడు. భాసుడు మొదలగు ప్రసిద్ధుల నాటకములుండగా ఈ క్రొత్తవాని నాటకమేల యని పారిపార్శ్వకుడు అడుగగా, పాతదనముగాని క్రొత్తదనముగాని గుణమునకు కొలత కాదను అర్థము వచ్చునట్లు సూత్రధారుడు బదులు చెప్పును. ఈ మాట యువకుల పక్షమునకే బలమిచ్చును. కాని తరువాతి కథ కూడ వినవలెను. కాళిదాసు పేరెత్తి గౌరవించిన ఆ భాసుని నాటకములు కాలక్రమమున కంటికి కానరాకపోయినవి. పేరు మిగిలినది, గ్రంథములు మిగులలేదు. ఇరువదవ శతాబ్ది మొదట మహామహోపాధ్యాయ గణపతిశాస్త్రిగారికి కేరళదేశమున తాటియాకుల ప్రతులు దొరకి, 1912 నుండి అవి అచ్చయినవి. అవి నిజముగా భాసునివేనా యని పండితులు వాదులాడుకొనుచునే యున్నారు. అడిగి తెలిసికొనుటకు ఆ కాలపువారు ఎవ్వరును లేరు.

తల్లిదండ్రుల కాలము అంత దూరముది కాదు. అయినను ఇప్పటికే ఎంత జారిపోయినదో చూడుడు. తెలుగున మొదటి టాకీయగు ‘భక్తప్రహ్లాద’ 1932లో విడుదలయ్యెను. ఆ చిత్రము నేడు చూతమన్నను దొరకదు.

ఈ ప్రాంతమువారికి స్థానం నరసింహారావుగారి పేరు చెప్పనక్కరలేదు. 1902లో బాపట్లలో జన్మించి, తెనాలి రామవిలాససభ రంగస్థలమున స్త్రీపాత్రలు ధరించి, 1956లో పద్మశ్రీ బిరుదమందిన మహానటుడు. 1971లో గతించిరి. ‘శ్రీకృష్ణ తులాభారము’లో సత్యభామ పాత్రకై ఒక పాటను తామే వ్రాసికొని పాడిరి. ఆ పాటయే 1966లో వచ్చిన చలనచిత్రమున పి. సుశీలగారి గళమున, జమునగారి అభినయముతో మరల వినవచ్చెను. రంగస్థలమున చూచిన తండ్రి, తెరమీద చూచిన కుమారుడు ఒకే పాటనుగూర్చి వాదించుకొన్న యిండ్లు తెనాలి సీమలో కొల్లలు. “ఆ సత్యభామ వేరురా!” యని తండ్రి నిట్టూర్చును. పురుషుడు చీరకట్టి పాడుట యేమని కుమారుడు నవ్వును.

ఆ కుమారుడు గ్రామఫోను రికార్డులో పాత గళమును విన్నను తృప్తి పొందడు. అరచుచున్నట్లు తోచును. దానికి కారణమున్నది. ఆ కాలపు నాటకములకు చాలచోట్ల మైకు లేదు. పెట్రోమాక్సు దీపముల వెలుగున, ఆరుబయట, వెనుకనెక్కడో బండిమీద కూర్చున్నవానికి కూడ మాట వినబడవలెను. అందుచేత నటుడు శ్రుతి హెచ్చించి గొంతెత్తి పాడెను. మైకు ముందు మెల్లగా పాడు పాటకు అలవడిన చెవికి అది కఠినముగా నుండుట సహజము. మరియొకటి. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆ రికార్డు ఒక ప్రక్క సుమారు మూడు నిమిషములు మాత్రమే పలుకును. రంగస్థలమున ‘వన్స్‌మోర్’ కేకలనడుమ ఎంతసేపో సాగు పద్యమును ఆ మూడు నిమిషములలో ఇమిడింపవలసివచ్చెను. కనుక కుమారుడు విన్నది తండ్రి విన్నదానిలో ఒక ముక్క మాత్రమే. మిగిలినది తండ్రినే అడుగవలెను.

ఐతే, కొందరి విషయమున ఈ కత్తిరింపు మేలే చేసినదనవచ్చును. రాగము సాగదీసి సాగదీసి పద్యార్థమును మ్రింగివేసిన గాయకులు లేకపోలేదు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములలోని సొగసైన పద్యము లెన్నియో ఆ రాగప్రవాహమున కొట్టుకొనిపోయినవి. శ్రీకృష్ణుడు రాయబారమునకు వచ్చెనా, కచేరికి వచ్చెనా యని సందేహము కలుగునట్లుండెడిది! తండ్రులు మెచ్చినంతమాత్రమున దానిని కుమారులు మెచ్చవలసిన పనిలేదు.

చలనచిత్రముల సంగతియు నిట్టిదే. చిత్తూరు నాగయ్యగారు 1904లో రేపల్లెలో జన్మించిరి. భాగవతమునందలి వ్రేపల్లెకును ఈ రేపల్లెకును చుట్టరికము కలుపనక్కరలేదు గాని, 1943లో ‘భక్తపోతన’యందు భాగవతకర్తగా నటించినవారు ఈ రేపల్లెలో పుట్టుట వినుటకు ఇంపుగా నున్నది. 1946లో ‘త్యాగయ్య’, 1947లో ‘యోగి వేమన’ వచ్చినవి. పాటలు తామే పాడుకొనిరి. ఈ చిత్రములు మందముగా నడచునని నేటివారు విసుగుకొందురు. నిజమే. పంట ఇల్లు చేరినపిమ్మట గూడుబండి కట్టుకొని, పిల్లాజెల్లలతో పట్టణమునకు పోయి సినిమాకు కూర్చున్నవానికి తొందర యేమున్నది? అతని నడకయే ఆ చిత్రముల నడక.

‘మాయాబజార్’ విషయమున మాత్రము ఏ తరమువారికిని తగవు లేదు. 1957లో తెలుపునలుపులలో వచ్చిన ఆ చిత్రమునకు 2010లో రంగులద్దిరి. దానిని తాతలనాటి చిత్రమని పిల్లలందురు. ఆ తాతల తండ్రులకు 1936లోనే ఆ శశిరేఖ కథ తెరమీద కనబడినది! సురభి నాటకసమాజములవారు నేటికిని దానిని రంగస్థలమున ఆడుచున్నారు. ఇంతకును వ్యాసభారతమున శశిరేఖ లేనేలేదు. జనము ముచ్చటపడి కల్పించుకొన్న కథ తరతరములకు ఇంత ముచ్చట కలిగించినది.

ఆ చిత్రనిర్మాతలలో ఒకరైన చక్రపాణిగారు తెనాలివారు. 1947 జూలైలో ‘చందమామ’ను ఆరంభించినవారిలోను ఆయన యుండిరి. 1909లో తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుండి 1980లో మరణించువరకు ఆ పత్రికను నడిపిరి. ఆయన ‘చదువు’ నవల చదివినవారికి తాతల కాలపు ఇండ్లలో చదువనగా నేమో, దానికై యెంత వేగిరపడిరో తెలియును. ఇవి బహిరంగముగా చదివిన పుస్తకములు. చాటుగా చదివినవి వేరు. కొవ్వలివారి నవలలు, తెనాలిలోనే పుట్టిన కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు నవలలు తలగడల క్రింద నుండెడివి. ఇంటికి వచ్చినవారికి గూటిలోని భారతము కనబడును, తలగడ క్రింది డిటెక్టివు యుగంధరు కనబడడు. ఇట్లు చదివిన బాలురే తండ్రులై, తమ బిడ్డల చేతిలో నవల కనబడినంతనే గద్దించిరి. తల్లిదండ్రులును ఒకప్పుడు పడుచువారని తెలియగోరు యువకుడు గూటిని, తలగడను రెంటిని వెదకవలెను.

ఇక బీరువా ప్రశ్న. 1935లో పాతూరి నాగభూషణంగారి పూనికతో ఈ డెల్టా కాలువలలో పడవమీద గ్రంథములు ప్రయాణము చేసినవి. అప్పుడు పుస్తకము దొరకుటయే కష్టము. నేడు ఫోనుమీద వ్రేలు తాకించినంతనే డెబ్బదియేండ్లనాటి పాట పలుకును. కాని దేనిని వెదకవలెనో తెలియనివానికి అది యున్నను లేనట్లే. మరల మరల అచ్చగుచున్న పుస్తకము చినిగినచో తీసివేసినను నష్టము లేదు. 1924లో పుట్టి 1991లో ఆగిపోయిన ‘భారతి’ సంచికలు, వెలువడుట మానిన ‘చందమామ’ పాత సంపుటములు, సినిమాహాలువద్ద అమ్మిన పలుచని పాటల పుస్తకములు మాత్రము ఎవ్వరు అడుగకున్నను ఉండితీరవలెను. పాత చిఠ్ఠా చించివేసి క్రొత్త ఆవర్జా వ్రాయువానిని ఏ గ్రామమువారును నమ్మరు.

రికార్డులున్న యిండ్లవారు వానిని ఒకదానిపై నొకటి పేర్చక నిలువుగా నుంచవలెను. ఎండ తగిలినచో వంగును, చేయి జారినచో పగులును. పాటల పుస్తకములకు అట్టలు వేయవలెను.

అన్నిటికంటె ముందు చేయవలసిన పని మరియొకటి గలదు. తండ్రులు విన్నవి కొన్ని రికార్డులలోనైన మిగిలినవి. తల్లులు పాడిన వానిలో పెక్కు రికార్డు కెక్కలేదు, అచ్చు కెక్కలేదు. ‘లక్ష్మణదేవర నవ్వు’ వంటి స్త్రీల పాటలు కొన్ని పుస్తకములలో చేరినవి. రోకటిపోటుతో సాగిన దంపుళ్ళపాటలు, వరినాట్ల పాటలు చాలవరకు నోటనే యున్నవి. బియ్యపు మిల్లు వచ్చినపిమ్మట దంపుడు పోయినది, దంపుడుతో పాట పోయినది. గ్రంథాలయమున గీతలు గీసిన పెద్ద పుస్తకమొకటి తెరచి, పాట యేది, పాడినవారెవరు, వారికి నేర్పినవారెవరు, ఏ పనివేళ పాడిరి యని నాలుగు గళ్ళలో యువకులు వ్రాసికొనవలెను. మొదటి పుటలు దంపుళ్ళపాటలకు విడువవలెను. వానిని పాడగలవారు ఈ యూర నెవరైన మిగిలియున్నచో, వారు ఎనుబదియేండ్లు దాటినవారై యుందురు.