ఊపిరితిత్తులకు రక్తము పలుకు సాక్ష్యము



వయస్సు మీఱిన పిదప దగ్గును ఆయాసమును సహజములే యని మనవారు తలంతురు. కాని పలువురియందు దానికి కారణము దీర్ఘకాల శ్వాసావరోధ వ్యాధి. పొగాకు పొగయు, కట్టెల పొయ్యి పొగయు ఏండ్ల తరబడి లోపలికిఁ బోయి శ్వాసనాళములను ఇఱుకు గావించును. వాని కొసలనున్న గాలితిత్తులను చెఱచును. చాలవఱకు చెడిన గాని మనిషికి ఆ సంగతి తెలియదు. కావున ముందుగానే తెలుపు గుఱుతు రక్తములోని మాంసకృత్తులలో దొరకునా యని శాస్త్రజ్ఞులు వెదకుచున్నారు.

ఈ వెదకులాటకు దారి చూపినది ఒక లోటు. స్వీడను దేశమున లారెల్ అను వైద్యుఁడు రక్తరసములోని మాంసకృత్తులను విద్యుత్తుచే పట్టీలుగా వేఱుపఱచి పరీక్షించుచుండెను. సుమారు 1,500 నమూనాలలో 5 నమూనాలయందు ఒక పట్టీ లేకుండుట ఆయన కంటఁబడెను. ఎరిక్‌సన్ అను మఱియొక వైద్యునితోఁ గూడి విచారింపఁగా, ఆ యైదుగురిలో ముగ్గురికి ఊపిరితిత్తుల వ్యాధి యున్నదని తేలెను. 1963లో వా రీ సంగతిని ప్రకటించిరి. లోపించినది ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అను మాంసకృత్తు.

దాని పని యెట్టిదనఁగా: క్రిములను చంపవచ్చిన తెల్లకణములు ఎలాస్టేస్ అను ద్రవ్యమును విడుచును. దానికి కళ్లెము లేనిచో, కంచె చేను మేసినట్లు, ఊపిరితిత్తుల సాగు గుణమునే అది హరించును. కాలేయమునఁ బుట్టు ఈ మాంసకృత్తే ఆ కళ్లెము. దీని లోపము పుట్టుకతో వచ్చునది, కొలఁదిమందికే యుండును. అట్టివారు పొగకు మఱింత దూరముగా నుండవలెను.

తక్కినవారి మాట యేమి? రక్తమును గడ్డకట్టించు ఫైబ్రినోజెన్ హెచ్చుగా నున్న రోగులకు వ్యాధి ఉద్రేకించుటయు, మరణమును ఎక్కువని తేలినది. అందుచే అమెరికా దేశపు ఔషధ నియంత్రణ సంస్థ 2015లో, క్రొత్త మందుల పరీక్షలకు రోగులను ఎన్నుకొనుటలో దీనిని సూచకముగా అంగీకరించినది. అయినను జ్వరము వచ్చినను, పుండు పడినను ఇది పెరుగును. ఒక్క సాక్షి మాటపై తీర్పు చెప్పరాదు గదా! కావున నేఁడు వేల మాంసకృత్తులను ఒక్కసారిగా కొలిచి, పలువురి సాక్ష్యమును కలిపి చూచుచున్నారు. ఒకచోట దొరకిన గుఱుతు వేఱొకచోటి రోగులయందును నిలిచిన గాని దానిని నమ్మరు.

అంతవఱకు మనము ఊరకుండ నేల? గొట్టములోనికి గట్టిగా ఊఁదించి శ్వాసబలమును కొలుచు స్పైరోమెట్రీ పరీక్షయే నేఁటికిని ఈ వ్యాధిని నిర్ధరించునది. చుట్ట త్రాగువారే కాదు, పొయ్యి ముందు బ్రతుకు గడపిన మన యింటి స్త్రీలును ఆయాసపడుచున్నచో ఆ పరీక్ష చేయింపుఁడు. చెడిన భాగము మరల రాదు; మిగిలినదానిని కాపాడుకొనుట మాత్రము మన చేతిలోనిది.